మోకాలెత్తు గుర్తులు

మార్చి 4

మోకాలెత్తు గుర్తుల మహారాణికి,

వదినా, ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం చదివేటప్పుడు చేతిలో సుత్తీ రెంచీ లాంటివి పెట్టుకోకు. కూర్చుని చదువు. పక్కన మంచినీళ్ళు కూడా పెట్టుకో.

నిన్న మన సైకిలు యాత్రికుల సంఘం ఆఫీసులో మీటింగు జరిగింది. కొండల నించి సముద్రం దాకా మనం ముగ్గురం, నువ్వూ నేనూ అన్నయ్యా, పడుచు వయసులో సైకిళ్ళేసుకుని తిరిగి తిరిగి వేసిన పెద్దదారి ఉందే, అందులో నీ ముక్క మార్చాలంటున్నారు. నీ ముక్కంటే కనుమ దిగిన దగ్గర్నించి వంతెన దాకా. అంటే మీ వీధి. అంటే మీ ఇల్లు, కింద అన్నయ్య రిపేరు కొట్టు, పైన యాత్రికులు పడుకునే రెండు గదులు. చెప్పేశాను. ఇప్పుడు ఊపిరి పీల్చుకో.

కారణం నీకు నేను చెప్పక్కర్లేదు. క్వారీ వచ్చాక ఆ రోడ్డంతా కంకర లారీలే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అంచున మనకోసం ఉన్న మట్టి బాటని కాస్తా మింగేశారు. పోయిన సీజన్లో ఆ టీచరమ్మని లారీ రాసుకుపోతే కాలవలో పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. మీ పైగదిలోనే కదా పడుకోబెట్టావు. నువ్వే కదా తల దువ్వి, తినిపించి, ఇంటికి పంపావు.

దానికి బదులు సరస్సు పక్కన పట్టాలు పీకేసిన పాత రైలు కట్ట ఉంది చూడు, దాని మీదుగా కొత్త దారి గీశారు మా సర్వేయరు. సున్నంతో తాత్కాలికంగా గుర్తులు కూడా వేస్తున్నారు. అయితే నియమం నీకు తెలిసిందే. ఒక ముక్కలో మొదటి పసుపు చక్రం ఎవరు వేస్తే ఆ ముక్కకి వాళ్ళే దారిపెద్ద. దారిపెద్ద కొత్త దారి తొక్కి చూసి, తన గుర్తు తన చేత్తో చెరిపితే తప్ప దారి మారదు. ఈ నియమం పెట్టించిందే నువ్వు. మీ ఇంటి గోడ మీద నువ్వేసిన పసుపు చక్రం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. నువ్వు కుంచె పట్టుకుని హొయలుపోతుంటే రంగు డబ్బా మోసింది నేనని ఎవరికీ గుర్తులేదనుకో, అది వేరే సంగతి.

వద్దంటే వద్దు. ఎవరూ నిన్ను బలవంతపెట్టరు. వానలు వెలిసి సైకిళ్ళ రాక మొదలయ్యేలోపు ఏదో ఒకటి చెప్పమన్నారు.

తిట్లు వేరే కవర్లో పెట్టి పంపు. తీరిగ్గా చదువుకుంటాను.

నీ ఆడపడుచు


మార్చి 11

ఇంటి ఆడపిల్లై ఉండి ఇంటికే ఎసరు పెట్టినదానికి,

ఫోను చేద్దామనే అనుకున్నాను. ఫోనులో తిడితే నువ్వు కిసుక్కున నవ్వుతావు, నా కోపం నీరుగారిపోతుంది. అందుకని రాస్తున్నాను. కాగితం నవ్వదు.

ఎవడే ఆ సర్వేయరు? ఫ్యాను కింద కూర్చుని స్కేలు పెట్టి గీత గీసుంటాడు. రైలు కట్టంట! ఆ కట్ట మీద ముళ్ళకంప మనిషెత్తు పెరిగింది. సొరంగం ఎప్పుడో మూసేశారు. ఇక సొరంగం పైనున్న గుట్ట ఎక్కించి చంపుతాడా జనాన్ని? అసలు వాడెప్పుడైనా సంచులు కట్టుకుని ఎక్కుడు తొక్కాడా? ఎక్కేవాడికి తల వంగి ఉంటుంది, ముందు చక్రం తప్ప ఏమీ కనబడదు, అందుకని ఎక్కుడులో గుర్తు మోకాలెత్తున, దిగుడులో తలెత్తున వెయ్యాలని నేనంటే మీరందరూ పడీ పడీ నవ్వారు. ఆ తరవాత మలుపులు తప్పిపోయి తిరిగొచ్చి నోరు మూసుకున్నారు. మీ సర్వేయరుకి ఆ మాత్రం తెలుసా?

లారీల సంగతి నాకు తెలీదా? ఆ టీచరమ్మ మూలుగు విన్నది నేను, మీ ఆఫీసు కాదు. అందుకే అంటున్నాను. మన మట్టి బాట మనకి తిరిగి వెయ్యమని పోట్లాడాలి గానీ తోక ముడుచుకుని సరస్సు గట్టు ఎక్కుతారా? ఇవాళ దారి మార్చుకుంటే లారీలు గెలిచినట్టు.

సాయంత్రం పూట మా ఇల్లు ఎలా ఉంటుందో మర్చిపోయావా? మెట్ల కింద సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. కిటికీ చువ్వలకి తడి సాక్సులు. ఒకడు మీ అన్నయ్యకి వంకరపోయిన చక్రం చూపిస్తుంటాడు, ఇంకొకామె నా వంటింట్లో దూరి గుడ్లు కొడుతుంటుంది, ఎవరో మేడ మీద పడుకుని కాళ్ళు నొప్పులో అని అరుస్తుంటారు. నా బతుకంతా ఆ సందడే. అది లేకపోతే ఇన్ని గోడలు నాకెందుకు?

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "ఊఁ" అన్నాడు. చక్రం ఒకసారి తిప్పి మళ్ళీ "ఊఁ" అన్నాడు. పెళ్ళయిన నాటి నించీ ఇదే వరస, కొంప మునిగినా రెండు ఊఁలే.

చెరపను. నా గుర్తు నేను చెరపను. మీ సర్వేయరుకి చెప్పు.

కోపంగా ఉన్నా నిన్ను మరదలనే అంటున్న,
వదిన


మార్చి 20

నిప్పులు చెరుగుతున్న వదినకు,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. పక్క బల్లాయన "ఏమండీ, ఇంటి నించి ఏదైనా చెడ్డ వార్తా?" అన్నాడు. "లేదండీ, మా వదిన బాగానే ఉంది, పూర్తి ఆరోగ్యంగా ఉంది" అన్నాను.

లారీలు గెలిచినట్టు అన్నావు. నా బల్ల వెనక గోడంతా పెద్దదారి పాత పటాలే, వదినా. వరసగా చూస్తే ఏ ఏటి దారీ మరుసటేడు అలాగే లేదు. ఒకచోట అడవి శాఖవాళ్ళు కంచె వేశారు. ఒకచోట ఊట ఎండిపోయింది, నీళ్ళు దొరకని చోట సైకిలు నడవదు. ఒకచోట కొత్త బైపాసు వచ్చి లారీలన్నీ అటు పోయాయి, మనం వదిలేసిన పాత రోడ్డే ప్రశాంతంగా అయిపోయి మళ్ళీ దాని మీదికే వచ్చాం. ఒకచోట భోజనం పెట్టే ఆమె కొట్టు మూసుకుని వేరే ఊరికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆకలితో అంత దూరం ఎవరు తొక్కుతారు? వచ్చే మనుషులూ మారారు. మనప్పుడు గుప్పెడు మంది మొండివాళ్ళం. ఇప్పుడు పసిపిల్లల్ని వెనక తొట్టిబండిలో కూర్చోబెట్టుకుని వస్తున్నారు, మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు వస్తున్నారు. వాళ్ళని ఆ లారీల పక్కన ఎలా తోలమంటావు?

మట్టి బాట కోసం పోట్లాడుతూనే ఉన్నాం. జాగా లేదు పొమ్మంటున్నారు రోడ్డువాళ్ళు. మళ్ళీ రాస్తాం, మళ్ళీ అడుగుతాం. మనం గెలిచేదాకా ఎవర్ని కాలవలో పడెయ్యాలో నువ్వే చెప్పు.

ఇంకో మాట. నీ వీధి కూడా మొదట్లో దారిలో లేదు. అప్పుడు రేవు ఉండేది, పడవ మామ ఉండేవాడు. మన సైకిళ్ళని పడవలో పడుకోబెట్టి, వాటి మీద తన దుప్పటి కప్పి మరీ దాటించేవాడు. వంతెన వచ్చాక నువ్వే వెళ్ళి చెప్పావు ఆయనకి. ఆయన రేవు రాయి మీద గుర్తుని గొడ్డలి వీపుతో తనే గోకేశాడు. మనకి టీ పోసి, "పడవ ఆగితే ఆగింది, సైకిలు ఆక్కూడదమ్మా" అన్నాడు. తిరిగొస్తూ నువ్వు దారి పొడుగునా ఏడ్చావు. నేను ఏడవలేదని అబద్ధం చెప్పాను.

సర్వేయరు సంగతి. ఫ్యాను కింద కూర్చునే రకం కాదు. అంతకు మించి చెప్పను. ఇప్పుడు సంఘం గుర్తులన్నీ తలెత్తున కొట్టిన రేకుబిళ్ళలే అయ్యాయి, మోకాలెత్తు గుర్తులు నీ ముక్కలో తప్ప ఎక్కడా మిగల్లేదన్నది నిజమే. కానీ మనిషిని పక్కన పెట్టి దారి చూడు. అదొక్కటే నా షరతు.

నీ మొండితనానికి పాత అభిమాని,
ఆడపడుచు


ఏప్రిల్ 2

మరదలా,

పడవ మామని మధ్యలోకి లాగడం అన్యాయం. ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను రెండు రోజులు. దానికి జవాబు తరవాత చెప్తాను. ఇప్పుడు రాస్తున్నది దారి సంగతి కాదు, మన పిల్ల పిచ్చుక సంగతి.

చదువుకుంటుంది కదా అని ఒక్కగానొక్క కూతుర్ని నీ ఇంట్లో పెట్టాను. ఈ సెలవులకి ఇంటికి రానంది. లైబ్రరీలో పనుందట. సరేలే అనుకున్నాను. ఒక ఫొటో పంపింది. ముక్కు మీద తోలు ఊడిపోయింది! మెడ దగ్గర గీత గీసినట్టు నలుపూ తెలుపూ. ఏ లైబ్రరీలోనే అంత ఎండ కాసేది? అదీ గాక జడ వేసుకునే ఓపిక లేదంటూ జుట్టు కత్తిరించుకుందట, నాకు చూపించమంటే టోపీ తియ్యదు.

ఇంకోటి. ఫోనులో మాటల మధ్య మీ సర్వేయరుని నాలుగు దులిపాను. దానికేం పట్టిందో, "చూడకుండా తిట్టడం ఏంటమ్మా, తొక్కి చూసి తిట్టు" అని కస్సుమంది. ఎవడో సర్వేయరుని అంటే దీనికెందుకు అంత పౌరుషం? ఏం జరుగుతోందక్కడ? ఎవరైనా అబ్బాయా? ఆడపిల్ల తల్లిని, అడగాల్సిన బాధ్యత ఉంది. దాచకుండా చెప్పు.

మీ అన్నయ్యని అడిగితే మూడో ఊఁ అన్నాడు. కొత్తగా ఉంది.

కంగారుగా,
వదిన


ఏప్రిల్ 10

కంగారు వదినకు,

పిచ్చుక బాగుంది. కంచం ఖాళీ చేసి నా కంచంలోకి చూసేంత బాగుంది. పరీక్షల్లోనూ మొదటి వరసలోనే ఉంది. ముక్కు సంగతి నిజమే, నేనే వెన్న రాశాను.

ప్రేమా అని అడిగావు. ఉంది. చాలా గట్టిది. అబ్బాయి మీద మాత్రం కాదు. ఇంతకు మించి చెప్తే ఒకరికిచ్చిన మాట తప్పినదాన్నవుతాను. నమ్ముతావో లేదో నీ ఇష్టం.

దారి తొక్కావా?

ఆడపడుచు


ఏప్రిల్ 21

మాటలు నమిలే మరదలికి,

నా దగ్గర నీ పప్పులుడకవు. అంతా అర్థమైంది.

మా వీధిలోకి పాలవ్యాను తెచ్చే అతను చెప్పాడు. సరస్సు గట్టు మీద ఒక కుర్రాణ్ణి చూశాడట. బక్కపలచగా, పొట్టి జుట్టుతో, బుగ్గ మీద సున్నం పూసుకుని, రాయి ముందు గొంతుక్కూర్చుని గుర్తు వేస్తున్నాడట. ఇతను హారను కొడితే సిగ్గుపడి హెల్మెట్టు పెట్టేసుకున్నాడట. అంటే మీ సర్వేయరు కుర్రాడే కదా! వాణ్ణి అంటే పిచ్చుకకి రోషం రావడం, దీని మొహం మీద ఎండ, నువ్వు ఎవరికో మాటిచ్చానని నీళ్ళు నమలడం. కలిపి చూసుకోలేనంత అమాయకురాలిని కాదు. ఇద్దరూ కలిసి ఆ గట్టు మీదే తిరుగుతున్నారన్నమాట! అందుకేనా "మనిషిని పక్కన పెట్టి దారి చూడు" అన్నావు?

ప్రేమించుకోవద్దని నేననను. మీ అన్నయ్యా నేనూ ఏం చేశాం? పంక్చరు వేయించుకునే వంకతో మంచి ట్యూబులకి నేను గుండుసూది గుచ్చలేదా? కానీ కాబోయే అల్లుడైనా సరే, దారిలో తప్పుంటే మాత్రం ఊరుకునేది లేదు. తొక్కి చూస్తాను. ప్రతి గుంటా వెతికి మరీ చూస్తాను. తప్పు దొరికిందంటే ఆ గుర్తూ చెరపను, ఈ పెళ్ళీ ఒప్పుకోను.

చిత్రమేమిటంటే నేను అడక్కముందే మీ అన్నయ్య నా సైకిలు దించి, గొలుసుకి నూనె పెట్టి, బ్రేకులు బిగించి, వాకిట్లో నిలబెట్టాడు. ఈ మనిషికి నా మనసులో మాట ఎలా తెలిసిందో.

తయారుగా ఉన్న,
వదిన


ఏప్రిల్ 28

కాబోయే అత్తగారికి,

నవ్వీ నవ్వీ పక్కలు పట్టేశాయి. క్షమించు. నీ ఊహలని అవుననను, కాదనను. ట్యూబులకి సూది గుచ్చిన సంగతి మాత్రం ఇన్నేళ్ళకి బయటపడింది! పాపం అన్నయ్య, ఆ రోజుల్లో రోడ్ల మీద ముళ్ళు ఎక్కువయ్యాయని అందరికీ చెప్తూ తిరిగేవాడు.

ఒక్క మాట. తొక్కేటప్పుడు ఖాళీ బండి మీద వెళ్ళకు. రెండు పక్కలా సంచులు నింపి కట్టుకో. యాత్రికురాలిలా వెళ్ళు. నీకు నచ్చకపోతే ఆ మాటే రాయి, నేనే సంఘంలో లేచి నిలబడి వద్దని చెప్తాను. ఒట్టు. ఆ సర్వేయరు కోరేది కూడా అదే. "ఆవిడ జాలిపడి ఒప్పుకోకూడదు, ఆవిడ కంటికి అది దారిగా కనబడాలి" అని ఒకటే మాట.

ఎండ ముదరకముందే బయల్దేరు,
ఆడపడుచు


మే 9

మరదలా,

సగం తొక్కాను. సగం తొక్కి వెనక్కొచ్చాను. ఎందుకో చెప్తాను, ముందు మంచి సంగతులు, ఎందుకంటే అబద్ధం రాయడం నాకు చేతకాదు.

కనుమ కింద చీలిక దగ్గర రోడ్డు వదిలి కట్ట ఎక్కాను. ముళ్ళకంప ఏదీ? శుభ్రంగా కొట్టేసి పక్కన కుప్ప పోశారు. కట్ట మీద మెత్తటి కంకరపొడి, చక్రం కింద కరకరలాడుతూ. ఎడమ పక్క సరస్సు. లారీ మోత పోయి చాలాసేపటి దాకా చెవుల్లో ఏదో లోటుగా అనిపించింది, తరవాత తెలిసింది అది నిశ్శబ్దమని. నా సొంత గొలుసు చప్పుడు విని ఎన్నేళ్ళయిందో! ఎదురుగాలి కొట్టే చోట కట్ట దిగి చెట్ల వెనక నించి తిప్పాడు. అది స్కేలు పెట్టి గీసినవాడికి తట్టదు, మొహం మీద గాలి తిన్నవాడికే తడుతుంది. పాత స్టేషను దగ్గర నీళ్ళ కుళాయి పని చేస్తోంది. నీడలో బల్ల ఉంది. బల్లకి సైకిలు వాల్చుకోవడానికి ఒక అడ్డకర్ర కూడా కొట్టాడు. కుర్రాడు బుద్ధిమంతుడే. నేను అనేశాను, వెనక్కి తీసుకోను.

ఇప్పుడు తిట్లు. స్టేషను దాటగానే ఇనప గేటు. మోటారు సైకిళ్ళు రాకుండా పెట్టారట. ఎంత సన్నం అంటే సంచులతో బండి పట్టదు! నేను తోశాను, ఇరుక్కుంది. లాగాను, రాలేదు. ఆఖరికి సంచి పట్టీ తెగింది, నా బట్టలన్నీ దారి మీద పడ్డాయి. కొంగలు తప్ప ఎవరూ చూళ్ళేదు గనక సరిపోయింది. రేపు తొట్టిబండిలో బిడ్డని పెట్టుకుని వచ్చేవాళ్ళు ఏం చెయ్యాలి? బిడ్డని గేటు మీద నించి విసరాలా? మీ వాడు ఖాళీ బండి మీద తిరిగాడన్నమాట. నా చేత సంచులు కట్టించి తను కట్టుకోలేదు!

కాబట్టి ఇప్పటికి నా గుర్తు నా గోడ మీదే ఉంటుంది. ఇంకా గుట్ట ఎక్కుడు చూడాల్సి ఉంది. అసలు పరీక్ష అక్కడే.

పట్టీ కుట్టుకుంటున్న,
వదిన


మే 15

వదినా,

నీ ఉత్తరం సర్వేయరుకి చదివి వినిపించాను. "బిడ్డని విసరాలా" దగ్గర నవ్వు, "ఖాళీ బండి మీద తిరిగాడన్నమాట" దగ్గర కళ్ళ నిండా నీళ్ళు. సంచులు కట్టుకునే తిరిగారు, వదినా. అప్పుడు ఆ గేటు లేదు, తరవాత ఎవరో తెచ్చి పెట్టారు. కానీ "నేను మళ్ళీ వెళ్ళి చూసుకోవాల్సింది, తప్పు నాదే" అని, మర్నాడే బస్సెక్కి వెళ్ళి, వాళ్ళ వెంటపడి, దగ్గరుండి గేటు జరిపించి వచ్చారు. ఇప్పుడు తొట్టిబండి హాయిగా పడుతుంది.

బుద్ధిమంతుడన్న మాట మాత్రం మూడుసార్లు చదివించుకున్నారు నా చేత.

గుట్ట ఎక్కు. నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను.

ఆడపడుచు


మే 26

నా ఇంటి ఆడపడుచుకి,

ఎక్కాను.

గేటు వెడల్పయింది. పక్కన నిలబడి కొలిచినట్టు చూశాను, నోరెత్తడానికి వీల్లేదు. అక్కడి నించి గుట్ట మొదలు. సొరంగం మూసిన గోడ పక్కగా, వంకర్లు తిరుగుతూ పైకి. నా వయసు నాకు తెలుస్తోంది, సంచుల బరువు తెలుస్తోంది. ఊపిరి అందట్లేదు. మనసులో మాత్రం ఒకటే పంతం. ఇక్కడ దొరుకుతావురా అబ్బాయ్, మలుపు దగ్గర గుర్తు చెట్టు మీదెక్కడో ఎత్తున వేసుంటావు, నేను దారి తప్పుతాను, ఇంటికెళ్ళి మా మరదలికి ఉత్తరం రాస్తాను. అలా అనుకుంటూ తల వంచి తొక్కుతున్నాను. దారి రెండుగా చీలింది. ఎటో తెలీలేదు. తల ఎత్తే ఓపిక లేదు. ముందు చక్రం వంకే చూస్తున్నాను.

ఆ చక్రం పక్కనే, రాయి మీద, నా మోకాలి దగ్గర, తెల్లటి గుర్తు.

బండి ఆపాను. దిగాను. ఆ రాయి ముందు నేనూ గొంతుక్కూర్చున్నాను. తరవాతి మలుపు దాకా నెట్టుకుంటూ నడిచి వెళ్ళాను. అక్కడా మోకాలెత్తునే. ఆపైనా అంతే. గుట్ట మీదికెళ్ళి అటు దిగుడు చూద్దును కదా, గుర్తులు తలెత్తున! నువ్వే రాశావు, ఆ పద్ధతి నా ముక్కలో తప్ప ఎక్కడా మిగల్లేదని. దాన్ని నేర్చుకోవాలంటే నా సైకిలు వెనక కూర్చుని నా ముక్కలో తిరిగి ఉండాలి. నా వెనక కూర్చున్నది లోకంలో ఒక్కతే. చిన్నప్పుడు వెనక సీట్లో నా వీపుకి బుగ్గ ఆనించుకుని, నేను రొప్పుతూ ఎక్కుతుంటే, నాకంటే ముందు కిందికి వేలు చూపించి "అమ్మా, గుర్తు!" అని అరిచేది.

ఓసి దొంగమొహమా! పొట్టి జుట్టు, బుగ్గ మీద సున్నం, లైబ్రరీలో ఎండ. పాలవ్యాను అతనికి కళ్ళు లేవు సరే, నాకేమైంది? నా కూతుర్ని నేనే అల్లుణ్ణి చేసుకోబోయాను కదే!

గుట్ట మీద కూర్చుని ఏడ్చాను. తరవాత నవ్వాను. నాకు ఎంత గర్వంగా ఉందో నీకు ఎలా చెప్పను? వంతెన దగ్గర రోడ్డు మీదికి దిగగానే కంకర లారీ ఒకటి ఆగి ఉంటే, ఆ డ్రైవర్ని పిలిచి మరీ చెప్పాను, "ఆ గుట్ట మీద దారి చూశావా, అది మా అమ్మాయి వేసింది" అని. అతను దిగి చూసి, "బాగుందమ్మా, ఇంకనించి సైకిళ్ళు మా రోడ్డు మీద రావా? మాకూ గుండె దడ తగ్గుతుంది" అన్నాడు. ఇన్నేళ్ళూ వాళ్ళ దడ సంగతి నాకు తట్టనే లేదు.

ఇంటికొచ్చి మీ అన్నయ్య ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. చక్రం తిప్పుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు. "మొదటి నించీ తెలుసు కదూ?" అన్నాను. "సున్నం కుంచె నేనే ఇచ్చాను" అన్నాడు. ఆగి, "స్టేషన్లో టికెట్ల గది ఖాళీగానే ఉంది. రెండు బల్లలు పడతాయి. నీ పొయ్యికి కూడా చోటుంది" అన్నాడు. మా పెళ్ళయ్యాక ఆయన మాట్లాడిన అన్నిటికంటే పెద్ద మాట ఇదే. ఆ గది అడిగి చూస్తాం. ఇస్తే ఇస్తారు, లేకపోతే ఈ గదులు ఖాళీగా ఉంటాయి. ఖాళీ అంటే నాకు బెంగే, లేదని బడాయి పోను. కానీ ఆ టీచరమ్మ మూలుగు కంటే నిశ్శబ్దం నయం.

నాతో చెప్పకుండా దాచినందుకు మీ ముగ్గురినీ ఉతికి ఆరెయ్యాలి. కానీ పిచ్చుక చేసింది సరైన పని. ముందే తెలిస్తే ఒకటి, తల్లి ప్రేమతో కళ్ళు మూసుకుని ఊఁ అనేదాన్ని. లేదా, నా గుర్తు చెరిపే హక్కు నీకెక్కడిదే అని ఇంకా ఎగిరేదాన్ని. ఊరూ పేరూ లేని మనిషి పనిగా నా ముందు పెట్టింది. నేను బుద్ధిమంతుడన్నాను. ఆ మాట కూతురన్న ముద్దుతో అన్నది కాదు, పని చూసి అన్నది. అది దానికి తెలుసు. ఇక నించి ఎవరేమన్నా దాన్ని ఎవరూ కదపలేరు.

ఇవాళ పొద్దున గోడ మీద నా పసుపు చక్రం చెరిపాను. పడవ మామ గోకినట్టే గోకాను. రంగు పొరలు పొరలుగా ఊడింది, ఏటేటా కొత్తగా వేస్తూ వచ్చిన పొరలన్నీ. బేకరీ ఆవిడా, పాలవ్యాను అతనూ వచ్చి నిలబడ్డారు. నేను ఏడుస్తానని చూశారు కాబోలు. నేను నవ్వుతూ గోకాను. ఇప్పుడక్కడ గోడ తెల్లగా, గుండ్రంగా ఉంది.

ఇక నియమం ప్రకారం కనుమ కింద చీలిక దగ్గర మొదటి పసుపు చక్రం పడాలి. అది వేసినవాళ్ళే ఆ ముక్కకి దారిపెద్ద. మీ సర్వేయరు కుర్రాణ్ణి వెంటనే బస్సెక్కించి పంపు. టోపీ తీసి రమ్మను, ఆ జుట్టు నేను చూడాలి. ఎప్పుడో ఒకరోజు తన గుర్తు తనే చెరుపుకోవాల్సి వస్తుందని కూడా చెప్పు, ఆ రోజు ఎలా నిలబడాలో చూడటానికి నా గోడ ఉంది. నువ్వూ రా. కొత్త కుంచె కొన్నాను, పసుపు రంగు కొన్నాను. నీ భుజానికి ఈసారి సెలవు. డబ్బా నేను మోస్తాను.

దారిపెద్ద తల్లి,
నీ వదిన